యెరికోలో విందు

మా నాన్న రిటైరైన హిస్టరీ లెక్చరర్. పిస్కాటవేలో మా ఇంట్లో ఆర్నెల్లుండడానికి వచ్చి, పార్కులకీ గుళ్ళకీ పోకుండా రెండువేల ఏళ్ళనాటి యూదుల రాజు హేరోదు మీద పుస్తకం రాస్తూ కూర్చున్నారు. రాసిన ప్రతి పేజీ నేను వినాల్సిందే. వంకాయలు తరుగుతున్నా వదలరు.

"హేరోదంటే పసిపిల్లల్ని చంపించాడనే అందరూ చెప్తారు," అన్నారు ఆరోజు. "అంతకుముందే సొంత బావమరిదిని చంపించాడమ్మా. పదిహేడేళ్ళ పిల్లాడు, వాళ్ళ గుడికి ప్రధాన యాజకుడు, అంటే పెద్ద పూజారి. పండగనాడు గుడిలో వాణ్ణి చూసి జనం సంతోషం పట్టలేక ఏడ్చారట. దాంతో హేరోదు గుండెల్లో రాయి పడింది."

"ఎందుకు నాన్నా?"

"కిరీటం రోమ్ వాళ్ళు పెట్టిందాయె! వాళ్ళ చూపు పిల్లాడి మీదకి మళ్ళితే తన గతేంటి? యెరికోలో విందుకి పిలిచాడు. కొలనులో ఆడుతున్నట్టే ఆడుతూ, హేరోదు మనుషులు వాణ్ణి నీళ్ళలో ముంచి పట్టుకున్నారు. అంత్యక్రియలు మాత్రం ఎంత ఘనంగా చేశాడో. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే."

"మరి ఆ పిల్లాడి అక్క?"

"మొహమ్మీదే అడిగేసింది. కొన్నేళ్ళకి ఆమెనీ చంపించాడు. ఆయన కట్టించిన గుడి ప్రహరీ గోడ మాత్రం ఇంకా ఉంది. జనం ఇప్పటికీ అక్కడికెళ్ళి ఏడుస్తారు."

కత్తి పక్కన పెట్టేశాను.

అంతకు వారం ముందు మా ఆయన దామోదర్ లాప్‌టాప్‌లో ఒక మెయిల్ చూశాను. నా తమ్ముడు కౌశిక్ జెర్సీ సిటీలో ఈయన టీమ్‌లోనే పని చేస్తాడు. ఈమధ్య క్లయింట్లు ప్రతి మీటింగుకీ కౌశిక్‌నే రమ్మంటున్నారు. టీమ్‌లో ఒకరిని తగ్గించమని పైనుంచి ఆర్డరొస్తే, ఈ మహానుభావుడు రాసిన పేరు కౌశిక్‌ది. సొంతంగా పని చేయలేడని కారణం కూడా రాశాడు. పచ్చి అబద్ధం.

నిలదీస్తే తల కూడా ఎత్తలేదు. "ఎవరో ఒకరు పోవాలి స్మృతీ. నా సీటు పోతే నీ వీసా కూడా పోతుంది, తెలుసా? వాడికి చెప్పావంటే లీక్ చేశానని నన్ను ఫైర్ చేస్తారు."

నోరు మూసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా మూసుకున్నాను.

ఆ రోజుల్లోనే కౌశిక్‌కి ఇంకో కంపెనీ ఆఫర్ ఇచ్చింది. "జాయినవ్వనా అక్కా?" అని ఫోన్ చేశాడు. ఒక్క ముక్క చెబితే వాడు బతికిపోయేవాడు.

"బావనడుగు," అన్నాను.

"నేనున్నాగా, ఎక్కడికీ పోకు," అన్నాట్ట బావ. వాడు ఆఫర్ వదులుకున్నాడు. నెలాఖరుకి ఉద్యోగం పోయింది. వీసా రూల్ ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి.

ఆ తర్వాతి ఆదివారం దామోదర్ కౌశిక్‌కి వీడ్కోలని మా ఇంట్లో టీమ్ మొత్తానికి భోజనాలు పెట్టాడు. కౌశిక్‌ని సోఫాలో కూర్చోబెట్టి, ధర్మవరం నుంచి తెప్పించిన పట్టు శాలువా కప్పాడు. "వీడు నాకు బావమరిది కాదు, తమ్ముడు," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న మాత్రం కొట్టలేదు. దామోదర్ వంకా నా వంకా మార్చి మార్చి చూశారు.

కౌశిక్ శాలువాతోనే వంటింట్లోకి వచ్చాడు.

"బావ నాకోసం చివరిదాకా ఫైట్ చేశాడటగా అక్కా?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అవున్రా," అన్నాను.