జంట పలకలు

ఫౌండేషన్ నుంచి వచ్చినావిడ మా కేంద్రమంతా తిరిగి చూసింది. పిల్లల్ని పలకరించింది, టీ తాగింది, బాగుందంది. లేచి బ్యాగు భుజానికి తగిలించుకున్నాక, చెప్పులేసుకుంటూ అడిగింది.

"మీ దగ్గరికి కొన్నాళ్ళు వచ్చి మానేసిన కుటుంబం ఉంటుంది కదా. వాళ్ళతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడొచ్చా?"

నేను నీళ్ళు నమిలాను. ఎవరేమడిగినా ఠక్కున జవాబు చెప్పి తర్వాత నాలుక కరుచుకునే మనిషిని. అలాంటిదాన్ని ఆ రోజు చూస్తామండీ, కనుక్కుంటామండీ అని నసిగాను. శనివారం సాయంత్రం తనే ఫోన్ చేస్తానని, నంబరు పంపితే చాలని చెప్పి ఆవిడ మెట్లు దిగింది. వస్తున్నవాళ్ళెవరైనా మంచే చెప్తారు, వెళ్ళిపోయినవాళ్ళేమంటారో వినాలని ఉందని దిగుతూ దిగుతూ అంది.

మొదట నాకు ఒళ్ళు మండింది. వంద ప్రశ్నలున్న అప్లికేషన్ నింపించుకుని, ఇంకా తనివి తీరలేదా ఈవిడకి అనుకున్నాను. కాస్త చల్లబడ్డాక ఆలోచిస్తే ప్రశ్న నాకే నచ్చింది. ఇన్నేళ్ళలో నాకెందుకు తోచలేదా అని కూడా అనిపించింది.

మాది చిన్న సంస్థ. మెయిన్ రోడ్డు వెనక వీధిలో, జిరాక్స్ షాపు మీద రెండు గదులు. సాయంత్రాలు బడి పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నల్లో ఒకరూ జంటగా వచ్చి చదువుకుంటారు. ఇన్నాళ్ళూ ఖర్చులు చూసుకున్న దాత ఈ ఏడాదితో చేతులెత్తేస్తానన్నాడు. ఈ ఫౌండేషన్ గ్రాంటు వస్తే కేంద్రం నడుస్తుంది. రాకపోతే వేసవి సెలవుల తర్వాత తలుపు తీసేది లేదు. అందుకే నెల రోజులుగా నేను అప్లికేషన్ పట్టుకుని వేలాడుతున్నాను. మా గురించి మేమే పొగుడుకుంటూ పేజీలు నింపడమంటే ఏమిటో రాసినవాళ్ళకే తెలుస్తుంది. సిగ్గు విడిచి రాయాలి, అతిగా రాశామని తెలియకుండా రాయాలి. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి.

ఆ అప్లికేషన్‌లో నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకుని రాసిన భాగం ఒక్కటే, జంట పలకలు. అది నా బుర్రలో పుట్టిన పద్ధతి. తల్లో తండ్రో ఒక పలక పట్టుకుంటారు, పక్కనే బిడ్డ ఇంకో పలక పట్టుకుంటుంది. ఇద్దరికీ ఒకే లెక్క. చేశాక ఇద్దరూ ఒకేసారి పలకలెత్తి చూపించాలి. ఇద్దరిదీ ఒప్పయితే గదంతా చప్పట్లు. ఒకరిదే ఒప్పయితే, వచ్చినవాళ్ళు రానివాళ్ళకి అందరి ముందూ నేర్పాలి. ఇద్దరిదీ తప్పయితే నేనే చెప్తాను. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే వేగంతో ముందుకెళ్తున్నారని గ్రాఫు గీసి మరీ పెట్టాను. రెండు గీతలూ జోడెడ్లలా పక్కపక్కనే నడుస్తాయి. ఫౌండేషన్ ఆవిడ కూడా ఆ పేజీ దగ్గర కాసేపు ఆగింది. మెచ్చుకుని ఆగిందనుకున్నాను.

మా పద్దులు చూసేది మా బాబాయి. బ్యాంకులో రిటైరయ్యాక ఇంట్లో పిన్నికి అడ్డం రాకుండా ఉంటాడని నేనే తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఊరు మారిపోయినవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, వాళ్ళలో ఒకళ్ళ నంబరు పంపి చేతులు దులుపుకోమన్నాడు. మంచి సలహానే. కానీ ఊరు మారినవాళ్ళు మానేసినవాళ్ళెలా అవుతారు? ఇక్కడే ఉండి మానేసినవాళ్ళు ఎవరా అని ఆలోచిస్తే, సీట్ల మేస్త్రీ గుర్తొచ్చాడు.

బళ్ళకి సీటు కవర్లు కుడతాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. షాపు మాకు రెండు వీధుల అవతల. భార్యకి నర్సింగ్ హోములో సాయంత్రం డ్యూటీ కావడంతో కూతురితో తనే వచ్చేవాడు. పిల్ల గలగలా వాగుతుందని అందరూ పిచ్చుక అనేవాళ్ళం. ఒక్కరోజు కూడా నాగా పెట్టని మనిషి, ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఆ తర్వాత నేను ఎదురుపడితే చాలు, రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు. నేనేమైనా అన్నానా? ఆ సంగతి అప్పుడే అడగాల్సింది. ఇక అడగకుండా ఉండలేకపోయాను.

నేను వెళ్ళేసరికి మేస్త్రీ ఫోమ్ ముక్క మీద రెగ్జిన్ బిగించి లాగుతున్నాడు. నన్ను చూసి పారిపోవడానికి రోడ్డు లేదు పాపం, తన షాపులోనే ఉన్నాడు. స్టూలు తుడిచి వేశాడు. మానేసిందెందుకో తెలుసుకోవాలని వచ్చానని, మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు చెప్పమని అడిగాను.

అతను చాలాసేపు ఆ రెగ్జిన్ అంచునే సరిచేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. బళ్ళో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్తే, లెక్కల్లో క్లాసుకి ఫస్టు మీ అమ్మాయేనని టీచరు చెప్పిందట. వేరే పిల్ల అనుకుని పొరపడ్డారేమోనని అతను ఎదురు అడిగాడట. మా దగ్గర పిచ్చుకకి సగం లెక్కలు తప్పే కదా మరి. తన పోలికే వచ్చింది, తనలాగే మొద్దు అని సర్దిచెప్పుకుని ఉన్నాడు. ఆ వారంలోనే ఒకరోజు షాపు వెనక గదిలోంచి మాటలు వినిపిస్తే మిషను ఆపి విన్నాడట. పిచ్చుక పక్కింటి పిల్లకి లెక్కలు చెప్తోంది. ముందురోజు మా దగ్గర తప్పు చేసిన లెక్కలే, తడుముకోకుండా.

"నేను తప్పు రాస్తే అదీ తప్పు రాసేది మేడమ్," అన్నాడు మేస్త్రీ. "నలుగురిలో నాకు పాఠం చెప్పాల్సొస్తుందని. మీ మీద నాకు కోపం లేదు. మళ్ళీ అక్కడికి వచ్చి కూర్చోవడానికే నాకు మొహం చెల్లలేదు."

జోడెడ్లలా నడిచిన నా గ్రాఫు గీతలు కళ్ళ ముందు ఆడాయి.

అంతలో పిచ్చుక బడి నుంచి వచ్చింది. పొడుగైంది. నన్ను చూసి బెదిరి తండ్రి వెనక్కి జరిగింది. తిట్టడానికి రాలేదని నవ్వి చెప్పాను. నాకు ఒక్కటే అంతు చిక్కడం లేదు. పలకలు ఒకేసారి కదా ఎత్తేది, నాన్న ఏం రాశాడో ముందే ఎలా తెలిసేది?

"నాన్న పెదాలు కదుపుతూ లెక్క వేస్తాడు టీచర్. పక్కనుంటే వినిపిస్తుంది," అంది. కాస్త ధైర్యం వచ్చాక ఇంకోటి చెప్పింది. "ఒక్కసారి సరిగా వినిపించలేదు. తప్పేలే అనుకుని తప్పు రాసేశాను. చూస్తే నాన్నది రైటు. ఆ రోజు నాన్నే నాకు నేర్పించాడు. ఇంటికెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు."

మేస్త్రీ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ రోజు అతనికి గుర్తుందని మొహం చూస్తేనే తెలిసింది. అందులోనూ ఇలాంటి కథ ఉందని మాత్రం ఇప్పుడే విన్నాడు. నేను వెళ్ళొస్తానని లేచాను.

ఆ సాయంత్రం తరగతిలో పాఠం చెప్పడం మానేసి ఓ మూల నిలబడి చూశాను. ఇన్నేళ్ళూ పలకలు పైకి లేచాకే చూసేదాన్ని, లేవకముందు ఎప్పుడూ చూడలేదు. కూరగాయల బండి ఆవిడ కొడుకు చకచకా రాసేశాడు, ఓరకంట తల్లి పలక చూశాడు, మోచేత్తో తుడిచి మళ్ళీ రాశాడు. కిటికీ దగ్గర ఇంకో పిల్ల రాసిన అంకె మీద వేలు పెట్టి, తల్లి రాసేదాకా కాచుకుని కూర్చుంది.

బాబాయికి చెబితే తల పట్టుకున్నాడు. పద్ధతి మార్చుకుందాం, రేపే మార్చుకుందాం, కానీ గ్రాంటిచ్చే మనిషికి ఇదంతా చెప్పడమేమిటన్నాడు. "మన కొంప మనమే కూల్చుకుంటామా అమ్మడూ?" అన్నాడు. మేస్త్రీ నంబరు ఫౌండేషన్ ఆవిడకి పంపేశాను.

శనివారం నేనూ షాపుకి వెళ్ళాను. ఆవిడ పిల్లతో కూడా మాట్లాడతానంది, ఇష్టమేనా అని ముందే మేస్త్రీని అడిగాను. చెప్పనివ్వండి మేడమ్, దాచిందంతా చాలు అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కత్తిరింపుల బల్ల మీద ఉంచాడు. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం.

"టీచర్, డబ్బులు రాకపోతే సెంటర్ మూసేస్తారంట కదా?" అని అడిగింది పిచ్చుక. జిరాక్స్ అన్న చెప్పాడట.

అవును, మూసెయ్యాల్సి రావచ్చు అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "అయితే మా అమ్మకి డ్యూటీ మారింది, అందుకే మానేశామని చెప్తాను. నేను బాగా చెప్తాను టీచర్. ఆవిడకి అస్సలు తెలీదు."

దాచుకోవడమెందుకు, నా ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఆడేది నేను కాదు, ఆడమన్నదీ నేను కాదు. పిల్లే ఆ మాటంటోంది. ఊరికే తల ఊపితే చాలు, కేంద్రం నిలబడుతుంది. అప్పుడు పిచ్చుక మొహం చూశాను. నాకేం కావాలో నా మొహంలో వెతుక్కుంటోంది, అది దొరికితే తీసి నా చేతిలో పెడదామని. తండ్రి పెదాలు కదిలేటప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటుంది. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, లేచి వెళ్ళిపోదామనిపించింది.

"వద్దమ్మా," అన్నాను. "నాకేం కావాలో నువ్వు చూడకు. జరిగింది జరిగినట్టు చెప్పు."

సరేనని తలూపింది గానీ, చూపు మాత్రం నా మీదే ఉంది. ఫోన్ మోగింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. పిల్లని పలకరించి, ఏ క్లాసు అని అడిగి, మీరెందుకు మానేశారమ్మా అంది.

పిచ్చుక తండ్రి వైపు చూసింది. అతను తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. నా వైపు చూసింది. నేను స్టూలు వెనక్కి తిప్పుకుని, కుట్టిన సీటు కవర్లు వేలాడుతున్న గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నాను. ఫోన్‌లో ఆవిడ కూడా తొందరపెట్టలేదు.

"మా నాన్నకి లెక్కలు రావండీ," అంది పిల్ల. "నాకొచ్చు."