లింగం కట్టిన కన్నాలు

పతంగి ఎదకు కట్టే కన్నాలను, అంటే దాన్ని గాలిలో నిలబెట్టే మీది, కింది దారాలను, గాలిని బట్టి సరిచేసి కట్టడంలో బోధన్ మొత్తం మీద లింగాన్ని మించినవాడు లేడు. ఆ మాట అందరికీ చెప్పేది కూడా లింగమే. ఆ రోజు తనతో పోటీకి దిగిన పక్కింటి వెంకట్రావు పతంగి గిరగిరా తిరిగి కూలబడుతోంది. గెలుపు ఖాయమే అయినా, దాని కన్నాల ముడి చూసి లింగం ప్రాణం ఒప్పలేదు. తన దారం భార్య అంజవ్వ చేతిలో పెట్టి పిట్టగోడ దూకి వెంకట్రావు డాబా మీదికి వెళ్లాడు.

"చెరుకు తోటల మీదికెళ్లి గాలి గట్టిగ కొడ్తున్నదన్నా. కింది దారం గింత బిగిస్తే పతంగి ఎట్ల నిలుస్తది?" అని కసురుకుంటూ వేలెడు వదిలి కట్టాడు.

తిరిగొచ్చి దారం అందుకున్నాడో లేదో, వెంకట్రావు పతంగి నిటారుగా పైకి లేచి, గద్దలా దిగి లింగం పతంగిని కోసేసింది.

"ఓడిపోయినవ్," అంది అంజవ్వ.

తెగిన దారం చుట్టుకుంటూ లింగం గడ్డం ఎగరేశాడు.

"గెల్సింది ఎవలు కట్టిన కన్నాలో సూడు."