లోపం లేని సైకిల్

చెకింగాయన ఆ ఉదయం అప్పటికే ఇద్దరిని అబద్ధాలకోరులుగా తేల్చేసి, నీలం సైకిల్ ఫిర్యాదు తెరిచాడు. ఫోను ముక్కుకి ఆనించుకుని, ఫొటోని వేళ్లతో సాగదీసి, హ్యాండిల్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా తడుముతున్నట్టు చూశాడు. ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. అద్దంలో తన మొహం కనబడ్డా ఎక్కడ ఎక్కావని అడిగే రకం. కొడుకు పుట్టినప్పుడు నర్సు బిడ్డని చేతికిస్తే, మావాడేనని రుజువేమిటన్నాడట. నర్సు బిడ్డకొచ్చిన ఆయన ముక్కే చూపించాక గానీ ఎత్తుకోలేదట.

ఊళ్లో పోయిన సైకిళ్ల ఫొటోలు పెట్టే ఫేస్‌బుక్ పేజీకి ఇప్పుడు ఆయనే కాపలా. ఎవడైనా తనకి గిట్టనివాడి సైకిల్ ఫొటో పంపి, నాదే పోయిందంటే, జనం నమ్మేసి నడిరోడ్డు మీద అసలు సొంతదారునే బండి మీంచి దించేస్తారు. అందుకని ఆయన సరేనంటే తప్ప ఏ ఫిర్యాదూ నలుగురి కంటా పడదు. అందరినీ ఒకటే అడుగుతాడు: ఫొటోలో కనబడని లోపమొకటి చెప్పండి. సొంతదారులైతే బండిని తిట్టిపోస్తారు. బ్రేకు కీచుమంటుందంటారు, చైను ప్యాంటు కొరుకుతుందంటారు. మెచ్చుకున్నారంటే అమ్ముకునేవాళ్లే అని ఆయన లెక్క.

నీలం సైకిల్ ఆవిడ జవాబు రాసింది: "ఏ లోపమూ లేదండీ. బంగారంలాంటి బండి. త్వరగా పెట్టండి, సాయంత్రానికి ముక్కలు చేసి అమ్మేస్తారంటున్నారు."

"చూశావా తొందర. టికెట్ లేనివాడూ ఇలాగే, నన్ను చూడగానే దిగిపోతానంటాడు" అన్నాడు భార్యతో.

ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు. "నిన్న పక్కింటావిడతో మీరు మంచివారని చెప్పాను. నన్ను కూడా ఓ కంట కనిపెట్టండి."

"చెప్పావా? ఎందుకూ?" అని నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమని నీలం సైకిల్ ఆవిడకి రాసి, ఫిర్యాదు పక్కన పెట్టి, భోంచేసి కునుకు తీశాడు. లేచేసరికి ఫోను మోగుతోంది.

"గుర్తు తెచ్చుకోడానికేముందండీ" అంది ఆవిడ. "గంట మోగదు, స్టాండు నిలవదు. మా ఆయన ఉన్నన్నాళ్లూ రోజూ దాన్ని తిడుతూనే ఉండేదాన్ని. కిందటి నెల ఆయన పోయారు. ఇప్పుడు దాన్నొకమాట అనడానికి నోరు రావట్లేదు."

చెకింగాయన ఆ ఫిర్యాదు వెంటనే పేజీలో పెట్టాడు.

పొద్దువాలేలోగా పాత ఇనుము కొట్టువాడి దగ్గర్నుంచి కబురొచ్చింది. నీలం చట్రం మాత్రమే మిగిలింది. చక్రాలూ సీటూ మధ్యాహ్నమే వెళ్లిపోయాయి. చెకింగాయన చట్రాన్ని భుజాన వేసుకుని, దారి అడుగుతూ వెళ్లి ఆవిడ తలుపు కొట్టాడు.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. "ఇది మాది కాదేమోనండీ" అంది, కొంచెం ఆశగా.

కాదేమో అందామనే అనుకున్నాడు చెకింగాయన. జన్మలో మొదటిసారి తన అనుమానం నిజమైతే బాగుండుననిపించింది. ఈలోగా ఆవిడ వంగి, కడ్డీకి చుట్టిన గుడ్డపీలిక మీద వేలు పెట్టింది. ఆ ముడి ఆవిడ వేసిందే.

"లోపలికి రండి, మంచినీళ్లు తాగుదురుగాని" అంది.

ఆయన గడప దాటలేదు. కిటికీ చువ్వకి, ఉతకడానికని నిన్న ఆ సైకిల్‌కి తీసిన సీటు తొడుగు ఆరేసి ఉంది, నడుమ మనిషి కూర్చున్నంత గుంటతో.