ఏడో చెంచాలో నీలం దారం

మధ్యాహ్నం మూడింటికి బైండింగు గదిలోకి ఎండ ఏటవాలుగా దిగుతుంది. కాగితం దుమ్ము గాలిలోకి లేచి, కిందికి రావడం మరిచిపోయినట్టు అక్కడే తేలుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ జిగురాయన కుర్చీలో సగం మెలకువగా, సగం నిద్రలో ఉంటాడు. ఎనభై ఆరేళ్ల మనిషికి ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదు లెండి. ఒక్కోసారి మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆవిడ పోయి పదకొండేళ్లయింది.

ఆవిడంటే ఆయన భార్య. పై అంతస్తు గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు ఆవిడది. పేజీ కొస మడిచినవాణ్ణి చూపుతోనే కాల్చేసేది. కింది గదిలో ఈయన చిరిగిన పుస్తకాలు కుట్టి, జిగురు పూసి అట్టలు వేసేవాడు; జిగురాయన అన్న పేరు అలా వచ్చిందే. బతుకంతా పుస్తకాల మధ్య గడిపి ఒక్కటీ చదవని ఘనుడు. ఎవరైనా అడిగితే, "కుట్టేవాడికి చదివే తీరికెక్కడిది?" అని దబాయించేవాడు.

అలాంటి ఆవిడకు ఆయన చెప్పిన పెద్ద అబద్ధం ఒక్కటే. అరవై నాలుగేళ్ల కిందట, శత్రువులు ఊరిని చుట్టుముట్టిన చలికాలంలో, గింజ దొరకని రోజుల్లో, పాత పుస్తకాల వెన్నులు కోసి, ఎండిపోయిన పిండి జిగురు గీకి, నానబెట్టి ఉడికించి ఆవిడకు పెట్టాడు. సైన్యం వంటవాడు స్నేహితుడనీ, వాడే పిడికెడు పిండి ఇస్తున్నాడనీ చెప్పాడు. నిజం తెలిస్తే ఆవిడ ఆకలితో చచ్చిపోయేదే కానీ ముద్ద ముట్టేది కాదు. తర్వాత అధికారులొచ్చి పుస్తకాలెవరు పాడుచేశారని నిలదీశారు. దొరికినవాణ్ణి గోడకు నిలబెట్టి కాల్చే రోజులవి. ఆవిడ రిజిస్టరు తెరిచి "ఎలుకలు" అని రాసింది. పాపం, నమ్మేసింది అనుకున్నాడు జిగురాయన. ఆఖరి రోజున మంచం పక్కన కూర్చుని చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెప్పకుండానే దుప్పటి సర్దాడు. ఆ తిండి ఏమిటో తెలిసుంటే తనను క్షమించేదా, అసహ్యించుకునేదా అన్న బాధ మాత్రం గుండెలో అలాగే ఉండిపోయింది.

"తాతయ్యా, పడుకున్నావా?" అంటూ మనవరాలు వచ్చిపడింది. పదహారేళ్లొచ్చి తాతకంటే పొడుగైనా బుడంకాయ అన్న పేరు ఆ పిల్లను వదల్లేదు. "రేపు క్లాసులో ఈ కవిత విశ్లేషించి చెప్పాలి. నా బుర్రకెక్కి చావట్లేదు. ముట్టడి రోజులదట. నువ్వప్పుడు ఊళ్లోనే ఉన్నావుగా?"

"ఉండక ఎక్కడికి పోతానే? పిట్ట కూడా ఊరు దాటలేదు."

పుస్తకం చేతికి రాగానే అలవాటు కొద్దీ వెన్ను నొక్కి చూశాడు. "ఇది నా కుట్టే," అన్నాడు. ముట్టడి కాలపు కవితల సంకలనం అది. తన చేతుల మీదుగా నలభై ప్రతులు వెళ్లి ఉంటాయి. ఒక్కదాన్నీ తెరిచిన పాపాన పోలేదు.

బుడంకాయ కిటికీ గట్టు మీద కూర్చుని చదివింది.

"ఊరి చుట్టూ ఫిరంగులు.
మా బల్ల మీద ఒకే గిన్నె.
నేను తినేశానంటాడు అతను,
నాకు కడుపు నిండిందంటాను నేను.
ఏడో చెంచాలో నీలం దారం.
అతను చూడకుండా నాలుక కింద దాచుకున్నాను.
పుస్తకాల వెన్నులు కొరికిందెవరని
తుపాకీలు వచ్చి అడిగాయి.
ఎలుకలు, అన్నాను.
ఊళ్లో ఇంకేమీ మిగలకపోయినా
ఆ ఎలుక బతకాలి."

ఎండలో దుమ్ము కదలడం మానేసినట్టు అనిపించింది జిగురాయనకు.

"రాసిందెవరో తెలియదట. సైనికుడై ఉంటాడని గైడులో వేశారు," బుడంకాయ గడగడా చదువుకుపోతోంది. "నీలం దారం అంటే ఆకాశం, అంటే ఆశ. పుస్తకాలంటే సంస్కృతి. ఎలుకలంటే శత్రుసైన్యం. మరి శత్రువు బతకాలని ఎందుకన్నాడంటే, అది వ్యంగ్యమట. నాకైతే అతకట్లేదు."

"వ్యంగ్యమా వాడి మొహమా!" జిగురాయన కేక వేశాడు. వేసి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైంది తాతయ్యా?"

ఆయన సొరుగు లాగాడు. లోపల ఓ పాత దారపుండ, అంచులు వెలిసిపోయిన నీలం. "ముట్టడికి ముందు మా బైండింగు యజమాని తెల్లదారం పంపమంటే కొట్టువాడు బస్తాడు నీలం పంపాడు. తిప్పి పంపడానికి బద్ధకించి ఏళ్ల తరబడి దాంతోనే కుట్టాం. ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరా నీలం దారం లేదు." తర్వాత వంటవాడూ, పిండీ, కత్తీ, జిగురూ అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే గది మసకబారి, మంచు పట్టిన ఆ పాత వంటిల్లు చుట్టూ పరుచుకుంది. ఆవిడ చెంచా నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆవిడ మింగి, నవ్వి, "ఇవాళ ఉప్పు సరిపోయింది" అంది. ఇంట్లో ఉప్పే లేదు.

"అయితే ఇది నానమ్మ రాసిందా?" బుడంకాయ గట్టు దిగింది.

"దొంగమొహంది. నాకు తెలియకుండా కవితలు కూడా రాసింది." ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ పిల్లకు అర్థం కాలేదు. "అన్నీ తెలిసే తిన్నదే. నేను చదవనని ధైర్యం. నాకంటే బాగా ఆడింది నాటకం."

పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు. బుడంకాయ గైడు మూసేసి, నోటుబుక్కు తీసింది.

"మరి ఎలుకంటే ఏమని రాయను తాతయ్యా?"

జిగురాయన దారపుండను గుప్పెట్లో పెట్టుకున్నాడు.

"బతికిందని రాయి," అన్నాడు. "ఆ ముక్క రాసుకుని, మొదట్నుంచి ఇంకోసారి చదువు. నిదానంగా."