కొలతకు మించిన బట్టలు

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే ఇల్లు కూలినా లేవదని ఆ పేరు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నించీ మిషన్ మీద గుడ్డ కప్పేసి, కిటికీ పక్కన కూర్చుని నవల చదువుతోంది. తమ్ముడు రాసిన నవల. గ్రహాంతరవాసులు మొట్టమొదటిసారి భూమ్మీద దిగిన కథ.

"నువ్వు చదివి ఊ అంటేనే సాయంత్రం ప్రెస్సుకిస్తానక్కా" అని మూడొందల కాగితాల కట్ట ఒళ్ళో పడేసి పోయాడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఈమెకు పద్దెనిమిది. పెంచింది అక్క కాబట్టి పుస్తకం మీదా పెత్తనం అక్కదే అనుకుంటాడు పిచ్చినాయన.

మొదటి రెండొందల పేజీలూ చదువుతుంటే ఆమె ఒళ్ళు పులకరించింది. వీడి బుర్రలో ఇంత ఉందా అని మురిసిపోయింది.

రెండొందల నలభయ్యో పేజీలో వచ్చింది చిక్కు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు మాటా మంతీ లేకుండా మనుషులకు బట్టలు కుట్టడం మొదలుపెడతారు. ఒళ్ళు కొలిచి మరీ కుడతారు. అయినా ప్రతిదీ జానెడు పొడుగే. శాస్త్రవేత్తలు ముప్పై పేజీలు బుర్రలు బద్దలుకొట్టుకుని, మన ఒళ్ళు సాగదీసి తమలా మార్చబోతున్నారని తేలుస్తారు. జనం ఆ బట్టలన్నీ కుప్పపోసి తగలబెడతారు. కుట్టినవాళ్ళు మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు.

మిషనక్క కాగితాలు పక్కన పెట్టింది. బట్టలు పొడుగ్గా ఎందుకు కుడతారు? ఎదుగుతారని. దీనికి శాస్త్రవేత్తలెందుకు, ఏ దర్జీనడిగినా చెబుతాడు. తమ్ముడి ప్రతి ప్యాంటుకీ అడుగున నాలుగంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టేదామె. ఏడాదికోసారి కుట్టు విప్పి దించేది. ఆ మడతలు చూసి బడిలో వాణ్ణి ఏడిపించేవాళ్ళని చాన్నాళ్ళకు ఎవరో చెప్పారు. వాడు మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆమెకు కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. చెత్తగా రాసుంటే మొహాన కొట్టి పంపేది. బాగా రాసి చచ్చాడు! ముగింపు మార్చమని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే వాడు ఐదేళ్ళ కష్టాన్నీ అక్కడికక్కడే చింపేసే రకం. మింగలేక కక్కలేక ఆమె అలాగే కూర్చుంది.

సాయంత్రం చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు తమ్ముడు.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా. చాలా బాగుంది. ఆ బట్టల సంగతీ... ఎవర్నైనా చూసి రాశావా?"

"భలేదానివే! అలాంటివాళ్ళు ఎక్కడుంటారు? ఎలా తట్టిందో నాకే తెలీదు. అంత పొడుగెందుకు కుట్టారో కూడా నాకు తెలీదు. చదివిన స్నేహితులంతా సరిగ్గా అక్కడే జడుసుకున్నారు."

"పాపం, మంచివాళ్ళేమోరా. ఉండనివ్వచ్చుగా?"

"మంచివాళ్ళే అయ్యుండొచ్చు. అయినా పోవాల్సిందేనక్కా. వాళ్ళున్నన్నాళ్ళూ మనుషులకు ఊపిరాడలేదు కదా."

ఆమె ఏదో అనబోయింది. వాడి మొహం చూసి ఆగిపోయింది. బడిలో మొదటి బహుమతి తెచ్చిననాడు కూడా వాడు ఇంతగా వెలిగిపోలేదు.

"అయితే ఊ అన్నట్టేనా?"

"ఊ."

వాడు జేబులోంచి పెన్ను తీశాడు. కట్ట మీద ఖాళీగా వదిలిన మొదటి కాగితం మీద గబగబా ఏదో గీకి, ఆమె కళ్ళ ముందు పెట్టాడు. 'మా అక్కకు. మేమిద్దరం ఒకరికొకరం చెప్పకుండానే అర్థమవుతాం.'

"ఇలా ఉంచమంటావా?"

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

"ఉంచరా" అంది.