గేటు బయట నలభై నిమిషాలు

"ఇంగ రెండడుగులు ముందుకు పోనీ ముబారక్," అంది కమ్రున్నీసా, ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా.

ముబారక్ ఆటోను గేటుకు దాదాపు ఆనించేశాడు. ఫోనులో ఎర్ర చుక్క పచ్చబడింది. ఆమె గబగబా వేలిముద్ర మిషన్ తీసి, వెనక పడుకోబెట్టిన ఈశ్వరమ్మ ఎడమచేతి బొటనవేలు దాని మీద పెట్టింది. మే నెల మూడో తారీఖు, ఉదయం తొమ్మిదీ యాభై. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు రోడ్డు పక్క సందులో, పెద్ద కొడుకు ఇంట్లో ఈశ్వరమ్మ ఉన్నట్టు ఫోను ఒప్పుకుంది.

గేటుకు మాత్రం లోపలి నుంచి తాళం.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట కూడా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. మంచం మీద పడుకుని పడుకుని నడుం కింద అరచేయంత పుండు పడింది. ఆటో వెనక సీటు పీకేసి, బొంత పరిచి, రాజుపాలెం నుంచి ఆ గుంతల రోడ్డు మీద పక్కకు ఒత్తిగిల్లబెట్టి తీసుకొచ్చారు. దారి పొడుగునా ఆమె పళ్ళు బిగబట్టుకునే ఉంది.

కమ్రున్నీసా నాలుగేళ్ళ నుంచీ ఇలా మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తిరిగి ఒళ్ళు తుడిచి, కట్లు కట్టే పని చేస్తోంది. జీతమిచ్చేది కాంట్రాక్టు కంపెనీ, ఒక్కో రోగికి రోజుకు నూట నలభై రూపాయలు. ఈ ఏడు కొత్త చట్టం వచ్చింది. వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాసుకునేవాళ్ళను పట్టుకోవడానికంట. ఇంటికొచ్చినప్పుడు రోగి వేలిముద్ర, నలభై నిమిషాలాగి పోయేటప్పుడు మళ్ళీ వేలిముద్ర, మధ్యలో పుండు ఫోటో. అన్నీ రాసిచ్చిన అడ్రసుకు యాభై మీటర్ల లోపలే జరగాలి. వరసగా మూడు రోజులు ఇవి ఫోనులో పడకపోతే రోగికి సేవ అక్కర్లేదని లెక్కగట్టి పేరు తీసేస్తారు.

ఈశ్వరమ్మకు ఒకటో తారీఖు పడలేదు. రెండో తారీఖూ పడలేదు. కమ్రున్నీసా రెండు రోజులూ వెళ్ళింది, గంటసేపు కూర్చుని కట్టు కట్టింది. కానీ ఆమె వెళ్ళింది రాజుపాలెంలో చిన్న కొడుకు శివ ఇంటికి. ఫోనులో ఉన్నది ప్రొద్దుటూరు అడ్రసు.

ఎందుకంటే ఈశ్వరమ్మకు ఒక ఇల్లు లేదు, వంతు ఉంది. ఆస్తి పంచుకున్న రోజే పెద్దమనుషుల ముందు అనుకున్నారు: ఒక నెల పెద్దోనింట్లో, ఒక నెల చిన్నోనింట్లో. ఒకటో తారీఖు తెల్లారేసరికి మంచం మారాలి. తొమ్మిదేళ్ళుగా మారుతూనే ఉంది. ఆ ఊళ్ళల్లో అదేం వింత కాదు, అమ్మను అట్లా పంచుకున్న ఇళ్ళు వీధికి రెండు కనిపిస్తాయి. చట్టం రాసినవాళ్ళకే ఆ సంగతి తెలియలేదు. మార్చిలో శివ అడ్రసు మార్పుకు అర్జీ పెడితే ఇరవై ఎనిమిది రోజులకు మంజూరైంది. మూడు రోజుల్లో వంతు మారింది. ఏప్రిల్లో అన్న అర్జీ పెట్టి తిరిగి ప్రొద్దుటూరుకు మార్పిస్తే అదీ నెలాఖరుకే తేలింది. ఆ రెండు నెలలూ హెచ్చరికలతో వదిలారు. మే నుంచి వదిలేది లేదన్నారు.

పేరు పోతే ఏమవుతుందో కమ్రున్నీసాకు తెలుసు. పోయినేడు తను జ్వరంతో పది రోజులు ఈశ్వరమ్మ దగ్గరికి రాలేకపోయింది. పదకొండో రోజు కట్టు విప్పితే పుండులో పురుగులు కదిలాయి. ఒక్కొక్కటే ఏరింది. గుమ్మంలోంచి చూసిన శివ బయటికెళ్ళి వాంతి చేసుకున్నాడు. మళ్ళీ లోపలికి రాలేదు.

అందుకే ఈ రోజు ఆటో.

వరండాలోకి ప్రసూన వచ్చింది, పెద్ద కోడలు. మొగుడు ఎరువుల అంగడికి పోయాడు. ఆమె గేటు దాకా వచ్చి, అత్తను చూసి, చూపు తిప్పుకుంది. నలభై నిమిషాలు వరండాలో పడుకోబెడతామని, ఫ్యాను కూడా అక్కర్లేదని కమ్రున్నీసా బతిమిలాడింది.

"నీ మీద నాకేం కోపం ల్యామ్మా," అంది ప్రసూన. "ఇది శివ నెల. పోయిన సంక్రాంతి అయినాక శనగ పనులని రెండు దినాలు ముందే తెచ్చి ఇడిసిపోయినాడు. ఆ రెండు దినాలు ఇంతవరకూ తిరిగిచ్చినాడా? ఈ పొద్దు నలభై నిమిషాలంటారు. రేపు మంచం గూడా తెచ్చేస్తారు."

"పుండు చూడక్కా. ఎండ చూడు."

"మా నెలలో నేనేమన్నా తక్కువ చేసినానా? నువ్వే చెప్పు."

నిజమే, తక్కువ చెయ్యలేదు. ఏప్రిల్ ముప్పై రోజులూ జావ కాచి తాగించింది, గుడ్డలు ఉతికింది. ఒకటో తారీఖు పొద్దున ఆపేసింది. ఇప్పుడు కూడా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు మీదుగా అందించింది. తాళం మాత్రం తియ్యలేదు.

ఎండ ఆటో టాపు మీద కూర్చుంది. లోపల ఊపిరాడటం లేదు. ముబారక్ తన టవలు తడిపి ఈశ్వరమ్మ తలకు చుట్టాడు. కమ్రున్నీసా రెండు పక్కలా రెగ్జిన్ తెరలు దించి, మోకాళ్ళ మీద కూర్చుని, చీర పైకి జరిపి పాత కట్టు విప్పింది. కుదుపులకు రక్తం కారి గుడ్డ అతుక్కుపోయింది. నీళ్ళు పోసి కొంచెం కొంచెంగా లాగింది. ఈశ్వరమ్మ ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంది.

శుభ్రం చేసి ఫోటో తీసింది. వెలుతురు చాలదంది ఫోను. టార్చి వేసి తీసింది. మళ్ళీ అదే మాట. మూడోసారి కూడా ఒప్పుకోలేదు.

"ఒక పక్క తెర ఎత్తాల్సిందే ఆపా," అన్నాడు ముబారక్ నెమ్మదిగా.

కమ్రున్నీసా సందులోకి తొంగి చూసింది. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు, ఎదురింటి అరుగు మీద పేపరు చదివే ముసలాయన, స్కూటీ మీద ఇద్దరు. తొమ్మిదేళ్ళుగా ఈశ్వరమ్మను ఎరిగినవాళ్ళే అందరూ. ఈమె కొంగు నెత్తిన లేకుండా వీధిలోకి అడుగు పెట్టని మనిషి. కట్టు కట్టేటప్పుడు కన్నకొడుకును కూడా బయటికి పంపమని సైగ చేసే మనిషి.

ఫోనులో పది గంటలా పద్దెనిమిది నిమిషాలు.

ముబారక్ తన ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆమె తెర ఎత్తింది. ఎండ సరిగ్గా పుండు మీద పడింది. స్కూటీ ఆగింది. కుళాయి దగ్గర మాటలు ఆగాయి. వాళ్ళలో ఒకామె "అయ్యో" అంటూనే బాగా కనపడటానికి రెండడుగులు పక్కకు జరిగింది. ఫోటో ఈసారి పడింది.

"కప్పు," అంది ఈశ్వరమ్మ. ఆ పొద్దున ఆమె అన్న మొదటి మాట. "కప్పు బిడ్డా."

కమ్రున్నీసా తెర దించింది. కొత్త కట్టు కట్టి, చీర సర్ది, దుప్పటి కప్పింది. ఆమె మొహంలోకి చూడలేకపోయింది. సామాను సంచిలో సర్దుకుంటూ కూర్చుంది. పదీ ముప్పైకి ఫోను పచ్చగా వెలిగింది. రెండో వేలిముద్ర పెట్టాలి, పది నిమిషాలే టైము.

మిషన్ తుడిచి ఎడమచేయి అందుకుంది. చెయ్యి పిడికిలిగా ఉంది. బొటనవేలు లోపల దాక్కుంది.

"అవ్వా, చెయ్యి ఇయ్యి."

ఈశ్వరమ్మ తల పైకి తిప్పి రేకు టాపును చూస్తోంది.

"అవ్వా, ఇది ఒక్కటి అయిపోతే పోతాము. ఇయ్యకపోతే నీ పేరు తీసేస్తారు. నన్ను రానియ్యరు. ఇనపడతాందా?"

వినపడింది. కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. పిడికిలి ఇంకా బిగిసింది.

కమ్రున్నీసా సూపర్‌వైజర్ అవినాష్‌కు ఫోను చేసింది. జరిగింది చెప్పింది. ఈ ఒక్క నెల రాజుపాలెంలోనే వేలిముద్ర పెట్టుకోనివ్వమని బతిమిలాడింది. అది తన చేతుల్లో లేదని, పులివెందుల దగ్గర ఇట్లాంటివే మూడు పేర్లు నిన్ననే పోయాయని చెప్పాడతను. గొంతులో కోపమేం లేదు, తొందర ఉంది.

"ముసలామె చేతిలో బలమెంతుంటాదమ్మా? పట్టుకుని తెరవండి. అందరూ చేస్తాండేది అదే."

నిజంగానే ఎంతో బలం లేదు. రోజుకు ఆరుగురిని ఎత్తి దించే చేతులు కమ్రున్నీసావి. ఒక్క క్షణం పని. ఆమె ఆ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. చూపుడువేలు కిందికి తన వేలు దూర్చింది. ఈశ్వరమ్మ అప్పుడు తల తిప్పి ఆమె వైపు చూసింది. గేటు వైపు ఒక్కసారి కూడా చూడని మనిషి, ఆమె వైపు చూసింది.

కమ్రున్నీసా వేలు వెనక్కి తీసుకుంది.

"నేను తెరవను సార్," అంది.

"ఏందమ్మా?"

"ఆ చెయ్యి నేను తెరవను."

"మూడో రోజమ్మా ఇది. పేరు పోతే మీ వల్లే పోయిందని రాస్తా. మీ పనీ ఉండదు."

"రాసుకోండి సార్. అవ్వను ఈదిలో పండబెట్టి గుడ్డ ఎత్తించినారని గూడా రాయండి."

అవతల ఫోను పెట్టేశాడు. తెరమీద నిమిషాలు తగ్గుతూనే ఉన్నాయి: నాలుగు, మూడు. ప్రసూన గేటు కమ్మీలు పట్టుకుని చూస్తోంది. ఒక చెయ్యి నడుం దగ్గర తాళంచెవుల గుత్తి మీదికి పోయి, అక్కడే ఆగింది.

"తిప్పు ముబారక్," అంది కమ్రున్నీసా. "గుంతల్లో నిదానంగా పోనీ."

ఆటో రివర్సులో సందు దాటింది. జమ్మలమడుగు రోడ్డెక్కేసరికి పచ్చ చుక్క ఎర్రబడింది. కమ్రున్నీసా సంచి విప్పి చూసింది. మూడు కట్లకు గుడ్డ ఉంది. జాగ్రత్తగా కోస్తే నాలుగు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఈశ్వరమ్మ తల తన ఒళ్ళోకి జరుపుకుని, కుదుపు తగలకుండా నడుం కింద చెయ్యి పెట్టి కూర్చుంది. పిడికిలి ఇంకా విడలేదు.