మూతెడు సారా

పురిసిమా ముంగిట్లో అడుగు పెట్టేసరికి లూడింగ్ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు చూసి పురిసిమా అక్కడే ఆగింది. ఈ నాలుగు నెలల్లో సూది వేయడానికి వచ్చిన ప్రతిసారీ లూడింగ్ ముఖం ఒకేలా ఉండేది, పిండి ఆరేయడం మరిచిపోయిన బట్టలాగా.

"అక్కా, ఎక్కుతున్నాడు! పొద్దున కల్లు దించాడు, ఇప్పుడు పూగెలలు గీయడానికి మళ్ళీ వెళ్ళాడు. కూర్చో, కొబ్బరిపాల ముద్దలు ఆవిరి మీదున్నాయి. తిన్నాకే కదలనిస్తాను."

పురిసిమా మందుల సంచీ వెదురు మెట్టు మీద దించి, నిలబడే ఉంది.

లూడింగ్ మొగుడు అతోంగ్ కొబ్బరితోటలో కల్లుగీతగాడు. ఒక్కో చెట్టూ ఎక్కి దిగడం ఉండదు అక్కడ. ఒక చెట్టెక్కితే చాలు, చెట్ల తలల్లో మొవ్వు నుంచి మొవ్వుకు కట్టిన వెదుళ్ళ మీద గాలిలోనే నడిచిపోతారు, ఒక బొంగు కాళ్ళ కింద, ఒకటి చేతికి. దించిన కల్లంతా బట్టీకి వెళ్ళి సారా అవుతుంది. ఊళ్ళో అందరి అన్నమూ అదే. అతోంగ్ కూడా మీసాలు రాకముందే తాగడం మొదలుపెట్టాడు. తర్వాతెప్పుడో చెట్ల మొవ్వులు అతనితో మాట్లాడటం మొదలుపెట్టాయి. తాగుడు వల్ల మాటలు వినిపించాయో, మాటలు వినలేక తాగాడో పట్నం ఆసుపత్రిలో కూడా ఎవరూ తేల్చలేదు. సారా మాన్పించి, నెలకో సూది రాసి ఇంటికి పంపారు. ఆ సూది వేసే పని ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు పురిసిమాది.

సూదితో మాటలు ఆగాయి. ఒకరోజు అతను కూతురికి తల దువ్వి జడ వేస్తుంటే లూడింగ్ వంటింటి వెనక్కి వెళ్ళి ఏడ్చింది. ఆ వెంటనే చేతులు వణకడం మొదలైంది. చెంచా పట్టుకుంటే పులుసు ఒలికేది. ఆ వణుకు తగ్గించే మాత్ర కేంద్రంలో అయిపోయింది. పైవాళ్ళకు రాస్తే వస్తుందన్నారు. సూది మోతాదు తగ్గించాలంటే పట్నం డాక్టరు చూడాలి, ఆయన వచ్చేది పై నెల. ఈలోగా తోట మేస్త్రీ వచ్చి, ఊరి పండగలోపు ఎక్కకపోతే చెట్లు ఇంకొకడికి ఇచ్చేస్తానని చెప్పిపోయాడు.

"వణుకు తగ్గిందా?" అడిగింది పురిసిమా.

"తగ్గించాం." లూడింగ్ గూట్లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ మూత తెచ్చి చూపించింది. "పాపకి నువ్విచ్చిన దగ్గుమందు మూతే. కొలిచే ఇస్తున్నానక్కా. అచ్చం మందులాగే."

పురిసిమా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకపోయింది.

"ఎంత పని చేశావే!"

"ఊరంతా చేసేదే చేశాను. 'వాడి చేతులు సారా అడుగుతున్నాయే పిచ్చిమొహమా, కాస్త చూపించు, ఊరుకుంటాయి' అన్నాడు బాస్యో తాత. నిజంగానే ఊరుకున్నాయి."

పురిసిమా మెట్టు మీద కూర్చుంది. ఈ ఊళ్ళో వణికే చేతులు చూడని ఇల్లు లేదు. తెల్లారగానే వణికే తండ్రులు, ఒక గుక్క పడగానే కుదుటపడే మామలు. వణుకంటే ఇక్కడ అదొక్కటే.

"ఆ వణుకు వేరు, ఇది వేరు. ఇది నా సూది తెచ్చిన వణుకు లూడింగ్."

"మరి సారాకెందుకు తగ్గింది?"

తగ్గింది వణుకు కాదు, పడిపోతానన్న భయం అని చెప్పబోయింది. ఆ ముక్క ఈ పిల్లకి ఎందుకు పనికొస్తుంది? ఏది తగ్గినా చెట్టెక్కుతున్నాడు కదా.

"రోజుకి ఎన్ని మూతలు?"

"మొదట్లో ఒక్కటే."

"ఇప్పుడు?"

"ముద్దలు మాడుతున్నట్టున్నాయి" అంటూ లూడింగ్ లోపలికి వెళ్ళిపోయింది.

పురిసిమా ఫోను తీసి పట్నం డాక్టరుకి సంగతంతా రాసి పంపింది. సంచీ తీసుకుని తోటలోకి వెళ్ళే దారిలో జవాబు వచ్చింది. 'సూది ఆపకండి. సారా మాన్పించండి.' తలెత్తి చూస్తే కనుచూపుమేరా చెట్లే, చెట్టు చెట్టుకీ కల్లు పట్టే వెదురు గొట్టాలే.

చెట్టు మొదట్లో, ఒకప్పుడు ఇదే తోటలో కల్లు గీసిన బాస్యో తాత కాలు చాపుకుని కూర్చున్నాడు.

"రండి నర్సమ్మగారూ! మీ సూది నెలల తరబడి చేయలేని వైద్యం నేను మూతెడు సారాతో చేశాను. ఈసారి మీ జీతం నాకిప్పించండి."

"తాతా, వాడు పైనుంచి పడితే?"

"సారా తాగి ఈ తోటలో పడ్డవాడు లేడు."

పురిసిమా అతని వంకర కాలు వైపు చూసింది.

"అదా? అది వాన" అన్నాడు బాస్యో.

లూడింగ్ కూడా వచ్చి చేరింది. కాసేపటికి అతోంగ్ దిగివచ్చాడు. మునుపటి కంటే చిక్కాడు గానీ కళ్ళలో వెలుగుంది. దగ్గరికి రాగానే పుల్లటి వాసన. పురిసిమా సంచీ విప్పుతుంటే ఆమె చేతులనే చూస్తూ అడిగాడు.

"అక్కా, సూది వేస్తే చేతులు పోతాయి. వేయకపోతే మొవ్వుల్లోంచి మాట్లాడేవాళ్ళొస్తారు. ఆ రెండూ లేని సూది నీ సంచీలో లేదా?"

"లేదురా తమ్ముడూ."

"వెతికావా?"

బాస్యో నవ్వాడు. మిగతా ఎవరూ నవ్వలేదు.

"సారా మానెయ్, అతోంగ్. డాక్టరు చేత మోతాదు తగ్గించే పూచీ నాది. ఒక్క నెల ఓపిక పట్టు."

"నేను పడతాను. చెట్లని పట్టమను."

పురిసిమా తనే మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడింది కిందటి వారం. సెలవులో ఉన్న మనిషికి చెట్లు అట్టేపెడితే కల్లు ఎవరు దించుతారని అతనూ అడిగాడు.

అతోంగ్ చెట్టుకేసి తిరిగి నిలబడి, నడుము దగ్గర బట్ట జరుపుకున్నాడు. ఆమె తుడిచి, సూది గుచ్చి, మెల్లగా మందు ఎక్కించింది. చేతిలో ఉన్న పని అదొక్కటే, అదే చేసింది. అతను కత్తి నడుముకి దోపుకుని మళ్ళీ ఎక్కాడు. ఇంకా సగం చెట్లు మిగిలే ఉన్నాయి.

ముగ్గురూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. మొదటి వెదురు దాటాడు. రెండోదీ దాటాడు. మూడోదాని మధ్యలో ఆగిపోయాడు. పై బొంగు పట్టుకున్న చెయ్యి ఇక్కడికి కూడా వణుకుతూ కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న మొవ్వు వైపు చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"పాడుకుంటున్నాడేమో కదక్కా" అంది లూడింగ్. ఆమె వేళ్ళు పురిసిమా మణికట్టును పట్టేసుకున్నాయి.

పురిసిమా పిలవబోయింది. బాస్యో చప్పున చెయ్యెత్తి ఆపాడు. వెదురు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. తల తిప్పితే కాలు జారుతుంది. ఆ సంగతి ఆ ఊళ్ళో పుట్టిన ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెరిచిన నోరు మూసుకుంది. పైన అతోంగ్ ఎవరితోనో ఏదో అంటూనే ఉన్నాడు.